హాజరు పట్టీ

పరకాల మిషన్ బడిలో
లీడరంటే గంట కొట్టాలె, షూ పాలిష్ చూడాలె,
మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాయాలె.
ఇరవై రెండేండ్లు నేను నేర్పింది గదే.

ఈ యేడు ఓట్లు కెజియాకు పడ్డయి.
మాట మొదలయ్యేలోపు మూడుసార్లు తడబడే పిల్ల.
బ్యాడ్జి పెడుతుంటే పిన్నీసు నా వేలికే గుచ్చుకుంది.

నవంబర్ల ఒక సోమవారం, పొద్దుటి ప్రార్థన.
నేను రాసిచ్చిన కాగితం మడిచి జేబుల పెట్టుకుంది.
"దా... దానియేలు, ఐదో తరగతి.
స... సలోమి, మూడు."
పదకొండు పేర్లు. అన్నీ
పత్తి ఏరబోయిన పేర్లే.
ఒక్కో పేరు బయటికొచ్చేదాకా
బడంతా ఆగింది.
ఆమెన్ అనకుండనే దిగిపోయింది.
ఆమెన్ లేక మూడు వందల మందిమి
అట్లనే నిలబడ్డం.
ఇదేం ప్రార్థనే అని అడగబోయి
గుటక మింగిన.

సాయంత్రం నడికూడ రోడ్డు మీద
నాలుగు సైకిళ్లు పోతుంటే కిటికీలకెళ్లి చూసిన.

బుధవారం ఏడుగురొచ్చిండ్రు,
వేళ్ల నిండ పత్తికాయ గీరిన గీతలతోని.
నల్లా కాడ సలోమి పాదం ఒళ్లో పెట్టుకొని
పిన్నీసుతో ముల్లు తీస్తున్నది కెజియా.
స్కూల్ లీడర్ అన్న రేకుముక్క
పక్కన బురదల పడి ఉంది.

ఇంకా నలుగురు.
వాళ్ల పేర్లు ఎర్రసిరాతో కొట్టెయ్యాల్సింది నేనే.
పెన్ను మూత తియ్యలేదు.
గేటు కాడికి పోయి అడిగిన:
నీ సైకిల్ వెనక నన్ను మొయ్యగలవా?

"ఎ... ఎ... ఎక్కుండ్రి టీచర్.
గాలి కొట్టిచ్చిన."