ముంత మీద గీత

గార దాటాక ఆటో ఆగిపోయింది.
"దిగిపోండమ్మా, కొండ కనబడతంది కదా, నడిసెల్తే పావుగంట"
అన్నాడు. డబ్బులు మాత్రం సాలిహుండం దాకా తీసుకున్నాడు.
ఒక పక్క జీడితోట.
ఇంకో పక్క తాటిచెట్లు, మెడల్లో ముంతలు కట్టుకుని.
వాటి వెనక వంశధార,
మార్చి నెల కదా, నదిలా లేదు,
ఎవరో ఆరేసి మరిచిపోయిన పంచెలా ఉంది.

నేను ముప్ఫయ్యేళ్ళుగా విజయనగరం ప్రెస్సులో
అచ్చుతప్పులు దిద్దుతున్నదాన్ని.
శుభలేఖలు, పదో తరగతి గైడ్లు, ఓటర్ల జాబితాలు.
ఎక్కడికెళ్ళినా ముందు బోర్డు చదువుతాను.
ఇక్కడ "స్థూపము" అని రాశారు.
స్తూపానికి థ ఒత్తు లేదు.
సంచీలో ఎర్ర పెన్ను ఉంది. తియ్యలేదు, నిజంగా.

మెట్లు నేను లెక్కపెట్టలేదు, మోకాళ్ళు లెక్కపెట్టాయి.
పైన ఎర్ర ఇటుకలు గుండ్రంగా,
ఎవరో అట్లు పోస్తూ మధ్యలో లేచి వెళ్ళినట్టు
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి సగం.
కాపలా గవరయ్య చీపురు దించకుండానే చెప్పాడు:
"శాలి అంటే వడ్లండి, ధాన్యం కొట్టంటారు కొందరు.
కాదు శల్యం, ఎముకల పెట్టె, అంటారు ఇంకొందరు.
నాకైతే రెండూ ఒకటే. దాసుకున్నదే కదండీ."
కళింగపట్నం లైటుహౌసు కనబడతాదన్నాడు.
నాకు కనబడలేదు. అవునన్నాను.

కల్లు ముట్టరాదని భిక్షువుల నియమమట.
అది కూడా గవరయ్యే చెప్పాడు,
చెప్పి, కిందనున్న తాటితోపు వైపు ఒకసారి చూశాడు.
వాళ్ళూ చూసే ఉంటారు.
ఇన్ని గోడలు కట్టారు గానీ
ఎండాకాలం సాయంత్రాల ఆ వాసన పైకి రాకుండా
ఏ గోడా కట్టలేకపోయారు.

మ్యూజియం గదిలో, అద్దం కింద, ఒక పెంకు.
అరచేతిలో సగం. నల్లటి భిక్షాపాత్ర అంచు.
దాని మీద మేకుతో గీసినట్టు మూడు అక్షరాలు,
నాలుగోది విరిగిపోయింది.
ఎవరిదో పేరట.
విరిగిన మాట కనబడితే పూర్తి చెయ్యడం నా పని.
ఈ లిపి నాకు రాదు.
వంగి నిలబడ్డాను, నడుము నొప్పెట్టేదాకా.
ఇల్లు నాది కాదు, ఒళ్ళు నాది కాదు,
జుట్టు కూడా నాది కాదని గొరిగించుకున్నవాడు
గిన్నె మాత్రం నాదే అన్నాడు.
పంక్తిలో మారిపోయేదేమో.
పక్కవాడి గిన్నెకి చిల్లుందేమో.

దిగేసరికి దాహం.
తోపులో దాలయ్య అప్పుడే చెట్టు దిగాడు,
నడుముకి మోకు, చేతిలో నురగ కక్కుతున్న ముంత.
"పొద్దుటిది కాదమ్మా, పులిసిపోనాది. తాగుతారేటి?"
యాభై రెండేళ్ళలో ఎవరూ నన్నీ మాట అడగలేదు.
తాటాకు దొప్ప పట్టాను.
ముందు పులుపు, తరవాత తీపి, ఆ తరవాత పొగ.
చీమొకటి ఈదుతోంది. ఊదాను.

అప్పుడు చూశాను.
ముంత మెడ మీద
ఒక నిలువు గీత, పక్కన రెండు చుక్కలు.
"ఇదేం అక్షరం?"
"అచ్చరమేటమ్మా! నాకు సదువొస్తే సెట్లెందుకెక్కుతాను.
మా బావ ముంతలూ నా ముంతలూ ఒక్కలాగుంటాయి.
ఇదుంటే నాదని."
"మీ నాన్నా ఇలాగే గీసేవాడా?"
"మా అయ్యది ఒకటే సుక్క."

ప్రతి ప్రూఫు అడుగునా
నేనొక సున్నా చుట్టి దానికి తోక పెడతాను,
ఇది నేను చదివాను అని.
అచ్చులో అది రాదు.
దాలయ్యకి చెబుదామనుకున్నాను.
అతను అప్పటికే పక్క చెట్టు సగం ఎక్కాడు,
ఇరవై రూపాయలు చెవిలో పెట్టుకుని.

ఆఖరి బస్సు ఆరుంపావుకన్నారు, ఏడుకి వచ్చింది.
బోర్డు మీద శ్రీకాకుళం
సరిగ్గానే రాశారు.
రెండుసార్లు చదివాను.