మూడు అర్ధరాత్రుల నిల్వ

జనవరి రెండు.
త్సూగ్ సరస్సు మీద పొగమంచు.
అవతలి ఒడ్డును ఎవరో చెరిపేసినట్టుంది.
ఆఫీసులో నేనొక్కదాన్నే.
గది వెచ్చబడేదాకా కోటు విప్పకుండా
మూడు నివేదికలు బల్ల మీద పరిచాను.

ఒకటి మా కొండ కడుపులోంచి వచ్చింది.
ఒకప్పుడు సైన్యం గుండ్లు దాచిన సొరంగం
ఇప్పుడు తాళంచెవులు దాస్తోంది.
రెండోది సింగపూర్ నుంచి, అక్షరం ఒత్తిగిల్లకుండా.
మూడోది న్యూయార్క్ నుంచి:
పదకొండు పేజీల షరతుల వెనక
బిడియంగా ఒక్క అంకె.

ముగ్గురిదీ ఒకే మాట:
డిసెంబర్ ముప్పై ఒకటి, అర్ధరాత్రి, నిల్వ ఇంత.
విడివిడిగా మూడూ నిజాలే.
కూడితే అబద్ధం.

నలభై ఈథర్లు ఎక్కువొచ్చాయి.

తక్కువొస్తే ఏం చెయ్యాలో తెలుసు నాకు.
దొంగను వెతకొచ్చు, తాళాలు మార్చొచ్చు,
బేయాట్ షికర్ గారి సెలవు పాడుచెయ్యొచ్చు.
ఎక్కువొస్తే ఎవరి మీద ఫిర్యాదు చెయ్యను?
అయినా ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు.
"కొత్త సంవత్సరం కానుకేమో, లదీనా!"
ఆడిటర్ నవ్వదు.
గుడ్డిగవ్వ మిగిలినా
ఏ సముద్రానిదని అడుగుతుంది.

మా తాత సుర్సెల్వా కొండల్లో వేసవి కాపరి.
ఏడు ఇళ్ల ఆవులు, ఒకటే మంద.
ఇంటికొక కర్ర. గంట్లు పెట్టి, నిలువునా చీల్చి
సగం ఆసామికి, సగం తాత సంచిలోకి.
మంద కొండ దిగిన రోజు
రెండు సగాలూ పక్కపక్కన పెట్టి
గంటుకు గంటు అతికితేనే చీజ్ పంచేవాళ్లు.
కాకిలెక్కలు ఆ కర్ర మీద వాలేవి కావు.

ఒక ఏడు మాత్రం
రెండు లోయల మందలూ కలిపి చూస్తే
ఒక ఆవు ఎక్కువొచ్చిందట.
గోధుమరంగుది, ఒక కొమ్ము వంకర.
పొద్దున మా వాళ్లు లెక్కపెట్టాక శిఖరం దాటింది,
సాయంత్రం వాళ్లు లెక్కపెట్టారు.
వారంపాటు రెండు ఊళ్లూ కర్రలు పట్టుకుని
ఎవరి నిజం వాళ్లు అరిచారు.
తాత పైపు దులుపుకుని అన్నాడట,
"రెండు లెక్కల్లోనూ ఉండనివ్వండి.
ఈ పూట పాలు ఎక్కడిచ్చింది?"

కాగితం తిప్పి, వెనక ఒక గీత గీశాను.
సింగపూర్ అర్ధరాత్రి, మాకు సాయంత్రం ఐదు.
న్యూయార్క్ అర్ధరాత్రి, మాకు మర్నాటి పొద్దున్న ఆరు.
మధ్యలో పదమూడు గంటల కొండదారి.
ఆ దారిలో, రాత్రి ఎనిమిదీ నలభైకి,
ఒక బదిలీ. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి. నలభై.
అక్కడ వెళ్లకముందు లెక్కపెట్టారు,
ఇక్కడ చేరాక లెక్కపెట్టారు.
అనుమతించిన వారి పొడి అక్షరాలు:
ల. కా.

నేనే.
అక్క వంటింట్లో, ఫాండ్యూ గిన్నె చుట్టూ అందరం,
కుడిచేతి ఫోర్కుకు రొట్టెముక్క, కారుతున్న చీజ్,
పిల్లలు అరుస్తుంటే ఎడమ బొటనవేలితో
సరే అని నొక్కాను.
రొట్టె గిన్నెలో పడిపోవడం గుర్తుంది.
నలభై ఈథర్లు గుర్తులేవు.

గ్రీన్‌విచ్ అర్ధరాత్రికి నిల్వ చెప్పమని
ముగ్గురికీ రాశాను.
నాదీ కాదు, వాళ్లదీ కాదు, ఆ రాత్రి.
అందుకే ముగ్గురికీ సరిపోతుంది.
పెక్ హూన్ నిమిషంలో జవాబిచ్చింది:
"మా దగ్గర లేవమ్మా, అప్పటికే వెళ్లిపోయాయి."
న్యూయార్క్ ఇంకా నిద్రలోనే ఉంది,
దాని యంత్రం లేచి చెప్పింది: ఉన్నాయి.

మళ్లీ కూడాను.
ఈసారి తక్కువొచ్చింది!
సున్నా దశాంశం సున్నా సున్నా రెండు ఒకటి.
హమ్మయ్య అనుకున్నాను. తక్కువైతే నాకు తెలుసు.
శిఖరం దాటినందుకు దారి సుంకం.
దానికో వరుస గీసి, పేరు రాసి,
ఎదురుగా నా పొడి అక్షరాలు పెట్టాను,
ఈసారి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని.

కోటు ఎప్పుడు విప్పానో తెలియదు.
కిటికీ దగ్గరికెళ్లాను.
లెక్క తేలింది.
అవతలి ఒడ్డు
ఇంకా తేలలేదు.