అరవయ్యో కణం

ఫారం మీద ఇంతే ఉంది:
తోర్లైవ్, అరవై నాలుగేళ్ళు, లోఫోటెన్ దీవులు.
వృత్తి: ఎండుచేపల తరగతి తేల్చడం.
కింద ఆ దీవి డాక్టరమ్మ చేతిరాత, కాస్త వంకరగా:
"ముఖం ఉండుండి ఎర్రబడుతుంది. ఊరంతా తాగుబోతంటారు.
ముట్టడు. మూడేళ్ళుగా చెబుతున్నాడు, ఎవరూ నమ్మలేదు.
నేనూ నమ్మలేదు."

ఆ చివరి మాట రాయడానికి
ఫారంలో గడి లేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నిప్పు ఉంది. గ్లాసులో కాదు,
చిన్నపేగు చివరి మలుపులో, శనగగింజంత.
అక్కణ్ణించి కాలేయంలోకి విత్తనాలు చల్లుకుంది.
సూదితో లాగిన దారప్పోగంత ముక్క
మైనంలో కూర్చుని, విమానమెక్కి
ట్రోమ్సోలో నా బల్ల మీదికి వచ్చింది.

జనవరి. పొద్దున పదకొండైనా కిటికీలో నీలపు మసక.
లెన్సు కిందా నీలమే.
ఊరికే కూర్చున్న కణాలన్నీ నీలం,
చీలడానికి సిద్ధమైనవి గోధుమరంగు.
నీలంలోంచి గోధుమను ఏరడం నా ఉద్యోగం.

రెండువేల కణాలు.
ఫోటో తీసి, కాగితం మీద అచ్చు వేసి
ఒక్కోదాన్నీ పెన్సిలుతో కొట్టేస్తూ పోవాలి.
యంత్రం ఉంది, రెప్పపాటులో చెబుతుంది.
కానీ దారి తప్పి వచ్చిన తెల్లకణాన్ని కూడా
దొంగల్లో కట్టేస్తుంది.
అందుకే పెన్సిలు.

ఎక్కడ లెక్కపెట్టాలో కూడా నియమముంది:
ఎక్కువ మండుతున్న చోట.
మనిషిని అతని అన్నిటికంటే చెడ్డరోజుతో తూచినట్టు.
మొదట్లో అన్యాయమనిపించేది.
ఇప్పుడు అనిపించదు.
ఇప్పుడూ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అరవై వస్తే మూడు శాతం, రెండో తరగతి.
ఒకటి తగ్గితే మొదటిది.
యాభై తొమ్మిది వచ్చాయి.
ఇంకొకటి ఉంది,
కాగితం ఎడమ మూలన,
తాగేసిన కప్పు అడుగున ఆరిన టీ రంగులో.
అది గోధుమా? నీలానికి పట్టిన మరకా?

ఆస్లౌగ్‌ని పిలిచాను.
కళ్ళద్దాలు నుదుటికెత్తి చూసి "లెక్కలో వెయ్యి" అంది.
తలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి
"వద్దులే" అంది.
ఇరవై ఆరేళ్ళ అనుభవం ఆమెది.

అప్పుడు గుర్తొచ్చింది అతని వృత్తి.
చూడలేదు గానీ విన్నాను:
చలికాలపు చివర గాలికి వేలాడదీసిన కాడ్ చేపని
జూన్‌లో దించి, వెలుతురుకెత్తి,
వీపు మీద బొటనవేలు నడిపి,
పొట్టలో ముక్కు పెట్టి వాసన చూసి
ఒక్క ఊపిరిలో విసిరేస్తారట,
ఇది ఇటలీకి, ఇది నైజీరియాకి.
తోర్లైవ్, అటూ ఇటూ కాని చేప వస్తే
నీ చెయ్యి ఎంతసేపు ఆగుతుంది?
తప్పు కుప్పలో పడినది నిన్ను రాత్రి లేపుతుందా?

చేపకి తన తరగతి చెప్పరు.
నీకు చెబుతారు, గురువారం,
రెండు కుర్చీలున్న గదిలో.
మొదటిదైతే "ఏళ్ళు" అంటారు.
రెండోదైనా "ఏళ్ళు" అనే అంటారు,
కాకపోతే కాస్త ఆగి.
ఆ ఆగడం ఇప్పుడు నా పెన్సిలు మొన మీదుంది.

నీ ఒంట్లో ఎక్కడా గీత లేదు.
గీత గీసింది మేమే, ఏదో సమావేశంలో,
బహుశా భోజనానికి ముందు.

కొత్త కాగితం తీసి మొదట్నుంచి మొదలుపెట్టాను.
రెండువేల నూట పన్నెండు. వాటిలో అరవై నాలుగు.
ఆ టీ మరక లేకుండానే.

"రెండో తరగతి" అని కొట్టాను.
"కింది అంచున" అని చేర్చాను. దానికి గడి లేదు.
చివర ఇంకో వాక్యం, దానికీ లేదు:
ముఖం ఎర్రబడడానికి కారణం ఈ కణాలే. మద్యం కాదు.

రాబోయే ఏళ్ళ దగ్గర నా పెన్సిలు తడబడొచ్చు,
వెనకటి మూడేళ్ళ దగ్గర తడబడదు.

ఆ పేజీ రెండుసార్లు అచ్చు వేశాను.
ఒకటి డాక్టరమ్మకి.
ఒకటి అతనికి,
ఊళ్ళో ఎవరికైనా చూపించాలనిపిస్తే.