వాన బిల్లు

మిన్నెసోటాలో మా చిన్న ఊరి కౌన్సిల్. మినిట్స్ రాసేది నేనే.

ఇంజనీరు మార్లిస్ గోడకి పటం తగిలించింది:
నేల నీళ్ళు తాగని చోటల్లా బూడిదరంగు.
"ఇంటికి నెలకి నాలుగు డాలర్లు.
పార్కింగు జాగాలకి కొలిచి."

"వానకీ బిల్లేనా?" చర్చి కోశాధికారి లేచాడు.
"దేవుడు ఊరికే పంపేదానికి?"
"రావడం ఊరికే. పోవడానికే ఖర్చు."

నవ్వులు. ఓర్విల్ స్టెన్‌రూడ్ నవ్వలేదు.
జూన్‌లో అతని నేలమాళిగలో
పోయిన భార్య కుట్టుమిషను
మూడు రోజులు నీళ్ళలో నిలబడింది.
"మా వీధి గొట్టం వంతెప్పుడు?"
కాగితాలు తిరగేసింది. "తొమ్మిదో ఏట."

ఎనభై ఒకటీ, తొమ్మిదీ.
అతను వేళ్ళు ముడుస్తుంటే చూశాను.
"సరే, రాసుకోండి నా నాలుగూ."

నాలుగు-మూడుతో నెగ్గింది.

మినిట్స్‌లో లేనిది:
చినుకుల్లో ఇంటికి నడుస్తూ
ఓర్విల్ ఆగి, తూము జాలి మీది మేపుల్ ఆకుల్ని
బూటుతో పక్కకి నెట్టాడు.