చాకలి పద్దు

మా తాత జీడిగింజ పొడిచి పెట్టిన గుర్తులే
సొహార్‌ల నేను నల్లపెన్నుతోని పెడుతున్న.
రెండు గీతలు, ఒక చుక్క: మున్సిపాలిటీ ఖల్ఫాన్ సారు.
మూడు చుక్కలు: ఆస్పత్రి.
కొక్కెం లెక్క వంచితే రోడ్ల ఇంజనీరు.
ఎవ్వలు మనిషో, ఏది ఆఫీసో
గుర్తులకు తెల్వదు.

సర్కారు పద్దు కోసిండ్రని టీవీల చెప్పిండ్రట.
పద్దంటే నాకు తెలిసింది చాకలి పద్దే.
టీవీ కన్నా ముందు అది నా బల్ల మీద తెలిసింది:
వారానికి ఆరు దిశ్‌దాషాలు ఏసే ఖల్ఫాన్ సారు
నాలుగేసిండు.
పండుగ కాదు, జరం కాదు, ఊరికి పోలే.
"ఓవర్‌టైం తీసేసిండ్రు ఓదెలూ,
సాయంత్రం ఆఫీసు లేనోనికి రెండో జత ఎందుకు?"
నవ్విండు. నేనూ నవ్విన.
ఇస్త్రీ పెట్టె ఒక్కటే బుస్సుమన్నది.

తర్వాత దుప్పట్లు.
రోజుకు రెండు వందల నలభై, తెల్లారకముందే వ్యాను.
ఒక బుధవారం వ్యాను రాలే.
గురువారం డ్రైవరు వచ్చిండు, నడుచుకుంట.
టెండరు మళ్ళ పిలుస్తరట, పిలిచినా సగానికేనట.
చెప్పుకుంట చూపుడు వేలు తిప్పుతున్నడు,
తాళాలు లేని వేలు.

ఫలజ్ దిక్కు పోయే రోడ్డు మట్టికుప్ప కాడ ఆగింది.
పసుపు మిషను మీద సముద్రపు తేమ, తుప్పు.
రోడ్డు ఆగితే కోయ హోటల్ల పరోటాలు ఆగినయి,
పరోటాలు ఆగితే పిండి తెచ్చే బలూచీ పిలగాని పికప్ ఆగింది,
పికప్ ఆగితే వాని నూనె మరకల కమీజు నాకు రాలే.
ఎడమ మోచేతి మీది మరక,
ఏ సబ్బుకూ లొంగలే, ఎంత తిట్టుకున్ననో దాన్ని.
ఇప్పుడు దాని కోసమే చూస్తున్న.

సర్కారు ఖర్చంటే ఏందో పెద్దదనుకున్న గని
నా దాంక వచ్చేసరికి అది వట్టి మురికి.
మనుషులు పనికి పోతేనే బట్టలు మాస్తయి.

కాగితం మీది యజమాని సాలిం
మేనకోడలు షంసాను తోలుకొచ్చిండు.
లైబ్రరీల కాంట్రాక్టు కొలువు, పోయిందట.
"గల్లా కాడ కూసుంటది."
గల్లా కాడ అప్పటిదాకా రుహుల్ ఉండె.
ఇద్దరి ముంగట ఒకటే స్టూలు.
రుహుల్ లేచిండు, భుజం మీది తువ్వాలతోని స్టూలు తుడిచి
పక్కకు జరిగిండు.
వానికి చిట్టగాంగ్‌ల సగం లేచిన గోడ,
ఆ పిల్లకు కారు కిస్తీ.
ఎవ్వలి మీద కోపం చెయ్యాలె?
ఆ దినం అన్ని కాలర్లకు గంజి ఎక్కువ పడ్డది.

షంసా తొందరగ నేర్చింది.
కుడి నుంచి ఎడమకు రాస్తది పద్దు,
నా గుర్తులను దాంట్ల అట్లనే దించుకుంటది.
కొక్కెం కాడ ఆగి అడిగింది, ఇది ఎవలని.
నాలుగు నెలల సంది హ్యాంగరుకే ఉన్న దిశ్‌దాషా,
మెడ కాడి కుచ్చులో అత్తరు ఎప్పుడో ఎగిరిపోయింది.
"వస్తడు" అన్న.
ఆమె "వస్తడు" అని రాసుకున్నది.

రుహుల్ పోయిన ఇరవయ్యో రోజు రాత్రి
షట్టర్ సగం దించినంక వంగి వచ్చిండు ఖల్ఫాన్ సారు,
చేతిల ఒక్కటే దిశ్‌దాషా.
పొద్దున ఇంటర్వ్యూ, సిమెంటు కంపెనీల,
యాభై మూడేండ్ల మనిషికి.
"ముందటి దిక్కే చెయ్యి ఓదెలూ, వెనక వద్దు.
కుర్చీల కూసునే ఉంట గద, సగం పైసలు తీసుకో."
వంద బైసల నోటు బల్ల మీద చదును చేసి పెట్టిండు,
అరచేతితోని, ఇస్త్రీ చేసినట్టు.

ముందు దిక్కు చేసిన.
తర్వాత తిప్పిన.
సారు చూసిండు, ఏమనలే,
షట్టర్ కింది సందులకెల్లి రోడ్డు దిక్కు చూసిండు.
వీపు మీద ఒక మడత మొండికేసింది,
నీళ్ళు చల్లిన, మళ్ళ చల్లిన.

పద్దుల ఎట్ల రాయాలెనో తెల్వలే.
రెండు గీతలు, ఒక చుక్క,
వంద.