గూడ్సు వెళ్ళేదాకా

అందరూ ఆ మౌనం గురించే అడుగుతారు.

'మూడో వాటా' పందొమ్మిదో భాగం.
ఇంటాయన గుమ్మానికి కర్ర ఆనించి
"అద్దె ఎప్పుడిస్తావయ్యా" అంటాడే,
భుజంగరావు గారు తలెత్తి చూసి,
చూసి,
చూసి,
"మీరు భోంచేశారా?" అంటాడే,
బెజవాడ బెజవాడంతా పడీపడీ నవ్విందే, అది.
బీసెంట్ రోడ్డులో బేరం తెగకపోతే
గుమాస్తాలు కూడా కొన్నాళ్ళు అలాగే చూశారు.
టైమింగంటే అదీ, అన్నారు.

కంటిన్యూటీ పుస్తకం నా దగ్గరుండేది.
అట్ట చిరిగిన లేపాక్షి నోటు పుస్తకం.
ఎవరి చొక్కాకి ఏ బొత్తాం లేదో,
ఎవరి గ్లాసులో మజ్జిగ ఎందాకా ఉందో.
ఆ రోజు కింద ఇంతే రాసి ఉంది:
సీను ఆరు. షాటు మూడు. గూడ్సు. యాభై ఒక్క పెట్టెలు.

సత్యనారాయణపురంలో పట్టాల పక్క ఇల్లు,
రోజుకి నూట యాభై, కరెంటు విడిగా.
వంటింట్లో గుడ్డు కొట్టకూడదని సీతారావమ్మ గారి షరతు,
పదకొండో భాగంలో ఆమ్లెట్టు అందుకే శెనగపిండి.
ఫ్రిజ్‌లో మోటారు లేదు,
మా చెప్పులుండేవి.
పైమెట్ల మీద తలుపు తీస్తే గోడ.

సౌండు మస్తాన్‌వలి జేబులో రైళ్ళ టైంటేబులు.
ఏ సీనైనా ముందు ఆయన కత్తెర కిందకే పోవాలి.
"గుడివాడ పాసింజరుకి తొమ్మిది నిమిషాలుంది,
ఏడుపులు కుదరవు, గొడవ పెట్టుకోండి."
గూడ్సుకి మాత్రం టైంటేబులు లేదు.

ఇంటాయన వేషం కోటిలింగానిది.
సింగ్‌నగర్‌లో ఆయనకే మూడు నెలల అద్దె బాకీ.
ఆరు టేకులు తిన్నాడు.
ఎంత చెప్పినా నోట్లోంచి
"అద్దె ఎప్పుడిస్తానయ్యా" అనే వచ్చేది.
లైట్‌బాయ్‌లు నవ్వారు, నేనూ నవ్వాను.
ఏడోసారి సరిగ్గా అన్నాడు.
అప్పుడొచ్చింది గూడ్సు.

కట్ చెప్పబోయి డైరెక్టరు పమిడి గారు నోరు మూసుకున్నారు.
టేపులో నాలుగు నిమిషాలే మిగిలింది,
ఇంకోటి కావాలంటే గవర్నరుపేట కొట్లో పాత బాకీ కట్టాలి.
కదలొద్దని చెయ్యి చూపించారు.
ఎవరూ కదల్లేదు.
గూట్లో స్టీలు గ్లాసులు కదిలాయి,
ఈసారి చూడండి, ఎడమ వైపు, పై వరస.

కెమెరా భుజంగరావు గారి మొహం మీదుంది.
కోటిలింగం వీపు తప్ప ఏం కనబడదు.
నేను మంచం చాటున,
ఆయన మడమల దగ్గర.
ఆ చప్పుడు కింద ఆయన అంటున్నాడు:
"రెండొందలుంటే సర్దు భుజంగం.
సామాను బయట పెట్టేశారు పొద్దున.
పిల్లలు మెట్ల మీద కూచున్నారు."

స్క్రిప్టులో జవాబు "ఒకటో తారీకున."
గార్డు పెట్టె దాటింది.
భుజంగరావు గారు
స్క్రిప్టులో లేని మాట
అడిగారు.

నిజంగానే అడిగారు.
కట్ అన్నాక ఇద్దరూ పెరట్లోకి పోయి
షాటు కోసం వండిన వంకాయ కూర గిన్నెతో సహా తినేశారు.
తర్వాతి సీన్లో ఆ గిన్నె ఖాళీ,
తప్పు నాదని పమిడి గారు కేకలేశారు.
నేను మాట్లాడలేదు.

తర్వాత డబ్బింగులో రైలుని తుడిచేసి
మస్తాన్‌వలి అక్కడ తన ఇంటి ఫ్యాను చప్పుడు పెట్టాడు.
వించిపేటలో రాత్రిపూట పట్టుకొచ్చిన చప్పుడు.
చెవి దగ్గర పెట్టుకుంటే ఒక పిల్ల దగ్గు వినబడుతుంది.
వాళ్ళమ్మాయి షకీరా. ఇప్పుడు నర్సు.

పట్టాలు పీకేశారు.
అక్కడిప్పుడు వెడల్పాటి రోడ్డు, మధ్యలో మొక్కలు.
మొన్న ఆటో ఎక్కితే
కుర్రాడు సిగ్నల్ దగ్గర ఫోన్లో ఆ ముక్కే చూస్తున్నాడు.
సరిగ్గా ఆ ఇంటి ఎదుట.
"ఎలా చూస్తాడో చూడండి మేడమ్,
అంతసేపు ఎలా ఆపుకున్నాడో!"

గూడ్సు, అన్నాను అలవాటుగా.
వాడికి అర్థం కాలేదు.
పచ్చ లైటు పడింది, వెనక హారన్లు.
వాడు ఫోను దించలేదు,
నేనూ దించమనలేదు.
ఇంకా పదో పన్నెండో పెట్టెలున్నాయి.