గుడ్డుకి యాభై సెంట్లు అదనం

ఆ చీటీ రాసింది నేనే.
ఫిబ్రవరిలో, నల్ల మార్కరుతో, అట్టముక్క మీద:
"గుడ్డుకి యాభై సెంట్లు అదనం. మన్నించండి."
మన్నించండి అన్నది మా ఓనరు కార్మెలో పెట్టించాడు.
ఎవరు ఎవర్ని మన్నించాలో అతనికీ తెలీదు.

అక్టోబర్లో ఆయన వస్తున్నాడన్నారు,
మా ఆష్టబ్యూలాకి, మా హోటల్‌కే.
ముందురోజే ఇద్దరు కుర్రాళ్లు దిగారు,
చెవుల్లో వైర్లు, కాళ్లకి ఇంకా మడతపడని బూట్లు.
టేబుళ్లు కొలిచారు.
కిటికీలోంచి ఎరీ సరస్సు ఎంత కనబడాలో చూసుకున్నారు.
చివరికి చీటీ దగ్గర ఆగి
"ఇది కెమెరాకి అడ్డం" అన్నాడొకడు, ఎంతో మర్యాదగా.
ఎనిమిది నెలలుగా గోడ మీదే ఉంది,
మాకెవరికీ అడ్డం రాలేదు.

రోజూ ఆరింటికొచ్చే ఓరెన్‌ని
ఆ పొద్దున పక్కసందులో నిలబెట్టారు.
ఇనుపరాయి ఓడల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి.
అతని స్టూలు మీద ఇంకెవడో కూర్చున్నాడు,
ఇస్త్రీ చేసిన పనిబట్టల్లో.

ఆయన వచ్చాడు.
టీవీలో కంటే అలసిన మొహం.
ఒక్క క్షణం జాలేసిన మాట నిజం.
నా గుండెల మీది పేరుబిళ్ల చదివి
"డోరిన్, ఎలా గడుస్తోంది?" అన్నాడు,
నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని.
డోరిన్ మానేసి రెండేళ్లయింది.
కొత్త బిళ్లకి ఎనిమిది డాలర్లు,
నా జీతంలోంచే కోస్తానన్నాడు కార్మెలో.
సరే, డోరిన్ తరఫునైనా చెబుదామని ఊపిరి తీసుకున్నాను:
అద్దె,
చెల్లెలు ఐలా ఇన్సులిన్,
ఆపినప్పుడల్లా అరిచే కారు,
ఇరవయ్యో తారీఖు దాటాక క్రెడిట్ కార్డు మీద కొనే పాలు.
ఏది ముందు చెప్పాలో తేల్చుకునేలోపు
ఆయన చేతుల్లో పక్క టేబుల్ వాళ్ల చెయ్యి ఉంది.
తీసుకున్న ఊపిరి నా దగ్గరే మిగిలిపోయింది.

చీజ్‌కేక్ ముక్క అడిగాడు.
ఫోర్కు గుచ్చాడు, ఎత్తాడు, కెమెరాలు మెరిశాయి,
దించాడు.
ముక్క ముక్కలాగే ఉంది, నాలుగు చిల్లులతో.
నాలుగు డాలర్ల డెబ్బై ఐదు.
బిల్లు ఆఫీసుకి పంపమన్నాడు వైర్ల కుర్రాడు.
ఏ ఆఫీసుకో చెప్పలేదు.

ఆ రాత్రి రెండో ఆయనతో వాదన, టీవీలో.
స్టూళ్లు బల్లలమీదికెత్తి, నేల తుడుస్తూ విన్నాను.
ఒకాయన రెండో ఆయన సభలో ఖాళీ కుర్చీలు లెక్కపెట్టాడు.
రెండో ఆయన ఈయన వయసు లెక్కపెట్టాడు.
ముందెవరు ఎవర్ని ఏమన్నారో తేల్చడానికే పావుగంట.
లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఇద్దరూ.
"కష్టపడే కుటుంబాలు" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది,
ప్రతిసారీ గుమ్మందాకా వచ్చి
చెప్పులు విడవకుండానే వెళ్లిపోయే చుట్టంలా.

మర్నాడు ఓరెన్ తన స్టూలుని అరచేత్తో తుడుచుకుని కూర్చున్నాడు.
"ఆ ముక్క ఉందా ఇంకా?"
ఉంది, ఫ్రిజ్‌లో.
"చిల్లులకి ఏమైనా తగ్గిస్తావా?"
సగానికిచ్చాను. గీకి గీకి తిన్నాడు.
ఓటు మాత్రం ఆయనకేనట.
ఎందుకని నేనడగలేదు.
మా ఐలా రెండో ఆయనకి వేస్తుంది.
ఇద్దరి ఇళ్లకీ వచ్చేది ఒకే కంపెనీ గ్యాస్ బిల్లు,
ఒకే ఎర్ర అక్షరాలతో.

నవంబర్లో, హైస్కూలు జిమ్‌లో,
బాస్కెట్‌బాల్ వల కింద గంటన్నర నిలబడ్డాను.
ఆ గంటన్నర జీతం పోయింది.
పెన్నుకి దారం కట్టారు, బ్యాంకులో కట్టినట్టే.
దేశాన్ని చేతిలో పెట్టారు గానీ
పెన్ను నమ్మి ఇవ్వలేకపోయారు.
ఎవరికి వేశానో నాకూ ఆ దారానికీ తెలుసు.

తిరిగొచ్చి వెతికితే
ఫ్రిజ్ వెనకాల దొరికింది చీటీ.
యాభై కొట్టేసి అరవై చేశాను.
మన్నించండి మీద నూనె మరక పడింది.
మళ్లీ రాయలేదు.